పార్కు నిర్వహణకు బడ్జెట్ వేయడం ఎలా: మాలి జీతం నుంచి ఉయ్యాల కొక్కెం దాకా

మన ఊళ్ళలో పార్కు కట్టడానికి డబ్బు దొరుకుతుంది. ఎంపీ నిధులో, ఎమ్మెల్యే నిధులో, ఏదో ఒక పథకమో, అదీ కాకపోతే ఒక కంపెనీ సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ సొమ్మో వస్తుంది. శిలాఫలకం మీద పేరు పడుతుంది కాబట్టి ఇచ్చేవాళ్ళు ముందుకొస్తారు. తెగిన ఉయ్యాల గొలుసు మార్పించినందుకు ఎవరి పేరూ చెక్కరు. అందుకే ప్రారంభోత్సవం నాడు పచ్చగా కళకళలాడిన పార్కు మూడో వేసవికి తుప్పు పట్టిన జారుడుబల్లగా, నీళ్ళు రాని కుళాయిగా మిగులుతుంది.

ఈ మార్గదర్శి మునిసిపల్ ఏఈలకు (అసిస్టెంట్ ఇంజినీర్లకు), హార్టికల్చర్, అకౌంట్స్ సెక్షన్ల వాళ్ళకు, కౌన్సిలర్లకు, పార్కును తామే చూసుకుంటున్న కాలనీ సంఘాలకు. ఇందులో పట్టుకోవాల్సినవి రెండే మాటలు. పోయినేడు అంకెకు పది శాతం కలిపి పార్కు బడ్జెట్ వేయకండి, చేయాల్సిన పనుల నుంచి లెక్క కట్టుకు రండి. చిన్న మరమ్మతుల డబ్బును పార్కుకు దగ్గరగా ఉంచండి, ఫైలు తిరిగొచ్చేదాకా ఆగాల్సిన పరిస్థితి పెట్టుకోకండి. రెండో మాటను ఎందుకింత నొక్కి చెబుతున్నానో బోరు మోటారు లెక్క దగ్గర తెలుస్తుంది.

1. ముందు ఆ పార్కు ఎవరిదో తేల్చుకోండి

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాలు 12వ అంశం. అంటే సూత్రప్రాయంగా ఇది పట్టణ స్థానిక సంస్థ పని. ఆచరణలో మాత్రం చిక్కులుంటాయి. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు అటవీ శాఖ చూస్తుంది, కాలనీ పార్కుల్లో ఎక్కువ భాగం కార్పొరేషన్ కింద ఉంటాయి. విశాఖలోనూ బీచ్ రోడ్డు పక్క పెద్ద పార్కు ఒకరిది, వార్డు పార్కు ఇంకొకరిది.

అసలు తలనొప్పి లేఅవుట్ ఖాళీ స్థలాలతో. పార్కు కోసమని ప్లాన్‌లో చూపిస్తారు, కాలనీ వాళ్ళు నాలుగు మొక్కలు నాటి కంచె వేస్తారు, గిఫ్ట్ డీడ్ (స్థలాన్ని దానంగా రాసిచ్చే పత్రం) మాత్రం మునిసిపాలిటీ పేరు మీద రిజిస్టర్ అయి ఉండదు. అలాంటి చోట ప్రజాధనం ఖర్చు పెడితే ఆడిట్ అభ్యంతరం తప్పదు. స్థలం కాగితం, సర్వే నంబరు, హద్దులు ఒక ఫైల్లో పెట్టాకే మిగతా లెక్క మొదలుపెట్టండి.

2. పార్కును కొలవండి, ఉన్నవన్నీ లెక్కపెట్టండి

టేపు, నోటుబుక్కు, ఫోన్ కెమెరా పట్టుకుని ఒక పొద్దున వెళ్తే సరిపోతుంది. ఏం రాసుకోవాలో ఒక ఊహాజనిత పార్కుతో చూపిస్తాను. చివరిదాకా ఇదే లెక్క నడుస్తుంది.

ఒక ఎకరం కాలనీ పార్కు అనుకుందాం. అంటే 4,840 గజాలు, చదరపు మీటర్లలో 4,047. అందులో లాన్ 1,500 చ.మీ., పొదలు, పూలమొక్కల మడులు 600 చ.మీ., చుట్టూ పేవర్ బ్లాకుల వాకింగ్ ట్రాక్ 400 చ.మీ. పెద్ద చెట్లు 60. పిల్లల ఆటవస్తువులు నాలుగు, ఓపెన్ జిమ్ పరికరాలు ఎనిమిది, బెంచీలు 16, ఎల్‌ఈడీ దీపాలు 20. 3 హెచ్‌పీ మోటారుతో ఒక బోరు, రెండు మరుగుదొడ్లు, చుట్టూ గ్రిల్, ఒక గేటు.

ప్రతి వస్తువు పక్కన మూడు గడులు పెట్టండి: ఎప్పుడు వేశారు, ఇప్పుడెలా ఉంది, కొత్తది కొంటే ఎంత. రెండో గడిలో ‘బాగుంది’ అని రాయడం తేలిక, దాని వల్ల ఉపయోగం లేదు. ఉయ్యాల దగ్గర ఆగి పైకి చూడండి. గొలుసు వేలాడే కొక్కెం లోపలి వంపు ఇనుము మీద ఇనుము రాసుకుని అరుగుతుంది. కింది నుంచి చూస్తే రంగు వేసి నిగనిగలాడుతున్నట్టే ఉంటుంది. స్టూలు వేసుకుని గొలుసును కాస్త పైకెత్తి చూస్తే మెరిసే గాడి పడి, ఆ చోట కొక్కెం సన్నబడి కనిపిస్తుంది. అది ఈ నెలలోనే మార్చాల్సిన వస్తువు. జారుడుబల్ల కింది అంచు దగ్గర రేకు లేచిందా, దిగే చోట ఇసుక గట్టిపడి సిమెంటులా అయిందా, సీ-సా (ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఊగే బల్ల) బోల్టులు బయటికి పొడుచుకొచ్చాయా, దీపస్తంభం అడుగున జంక్షన్ బాక్సు మూత ఉందా? వానాకాలంలో ఆ మూత లేని స్తంభం ప్రాణం తీస్తుంది. ఇవి వేరే కాగితం మీద ‘వెంటనే’ అని రాసుకోండి. ఇవి వచ్చే ఏడాది బడ్జెట్ కోసం ఆగేవి కావు.

3. ఏ పని ఎన్నిసార్లు?

బడ్జెట్‌కి ముందు పనుల క్యాలెండర్ కావాలి. ఊడ్చడం రోజూ, మరుగుదొడ్డి కడగడం రోజుకు రెండుసార్లు. లాన్ కోత వానాకాలంలో పది పదిహేను రోజులకోసారి, వేసవిలో నెలకోసారి చాలు. పొదల కత్తిరింపు నెలకోసారి. కలుపు తీత వానల్లో దాదాపు ఆగకుండా నడుస్తుంది. పాదులు తవ్వి ఎరువు వేయడం ఏడాదికి రెండుసార్లు. ఆటవస్తువుల బోల్టులు, గొలుసులు నెలనెలా చూడాలి. బేరింగులకు గ్రీజు మూడు నెలలకోసారి. గ్రిల్‌కి పెయింటు మూడేళ్ళకోసారి.

చెట్ల కొమ్మల విషయంలో ప్రాంతాన్ని బట్టి నడవాలి. తెలంగాణలో ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలిదుమారాలకు ముందే ఎండుకొమ్మలు తీయాలి. కోస్తాలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల కాలం కాబట్టి సెప్టెంబర్‌లో ఇంకోసారి చూడాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు విశాఖలో కూలిన చెట్లను తొలగించడమే పెద్ద పని అయింది. ఎండుకొమ్మ తీయడం వేరు, చెట్టు కొట్టేయడం వేరు. చెట్టు తీసేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఆ ఖర్చును మామూలు నిర్వహణలో కలపకండి.

4. మనుషుల ఖర్చు: జీతం ఒక్కటే రాస్తే లెక్క తప్పుతుంది

పార్కు ఖర్చులో మూడింట రెండొంతులు మనుషులదే. మన ఎకరం పార్కుకు ఇద్దరు మాలీలు, ఒక వాచ్‌మన్ అనుకుందాం. మనిషికి నెలకు రూ. 15,000. ఇది లెక్క చూపడానికి వేసిన అంకె, మీ జిల్లాకు వర్తించే కనీస వేతనం చూసి మార్చుకోండి. కరువు భత్యం ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ సవరిస్తారు. కాబట్టి ఏడాదంతా ఒకే అంకె వేస్తే రెండో అర్ధభాగంలో తక్కువ పడుతుంది.

దీని మీద యజమాని వాటా పీఎఫ్ అన్ని చార్జీలూ కలిపి 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం. అంటే 15,000 జీతానికి అసలు ఖర్చు నెలకు సుమారు 17,440, ఏడాదికి 2,09,250. ముగ్గురికి 6,27,750.

ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. వారపు సెలవు ఎవరు లెక్కేస్తారు? ముగ్గురికీ ఏడాదికి 52 చొప్పున 156 రోజులు. పార్కుకు ఆదివారమే జనం ఎక్కువ, ఆ రోజు మూసేయలేం. 156 రోజులంటే దాదాపు సగం మనిషి. కాబట్టి మూడు కాదు, మూడున్నర మంది జీతం రాయాలి: సుమారు రూ. 7,32,000. ఈ సగం మనిషిని రాయకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. ముగ్గురిలో ఒకరు ఎప్పుడూ రారు, హాజరు పట్టీలో మాత్రం ముగ్గురూ ఉంటారు. బోనస్, యూనిఫాం, ఏజెన్సీ కమిషన్ ఉంటే అవి పైన.

కాంట్రాక్టర్ పీఎఫ్ కట్టకపోతే ఆ బాధ్యత ప్రధాన యజమానిగా మునిసిపాలిటీ మీదికి వస్తుందని గుర్తుంచుకోండి. ప్రతి నెల బిల్లుతో పాటు పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు, ఆ చలాన్లో మన పార్కు మనుషుల పేర్లు ఉన్నాయో లేదో చూడాల్సిందే.

అరెకరం, పావెకరం పార్కులకు ఒక్కో దానికి ఇంతమందిని పెట్టడం దండగ. ఏడెనిమిది చిన్న పార్కులను ఒక గుంపుగా చేసి, ఒక్కో పార్కుకు ఒక మనిషిని ఉంచి, కోత యంత్రంతో తిరిగే ముగ్గురి జట్టును అన్నిటికీ కలిపి పెడితే పని బాగా జరుగుతుంది. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ కూడా గుంపు మొత్తానికి ఒక్కరే.

5. నీళ్ళు, కరెంటు: ఏప్రిల్‌లో పార్కును ముంచేది ఇదే

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్ళు నిలబెడితే ఒక లీటరు. ఈ ఒక్క లెక్క తెలిస్తే చాలు. నడివేసవిలో లాన్‌కు రోజుకు 5 మి.మీ. దాకా కావాలి. 1,500 చ.మీ. లాన్‌కు 7,500 లీటర్లు. మడులకు ఇంకో 2,400. మొత్తం రోజుకు సుమారు పదివేల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు.

బోరు పనిచేస్తుంటే ఈ పదివేల లీటర్లకు మోటారు ఒక రెండు గంటలు ఆడుతుందనుకుందాం. 3 హెచ్‌పీ మోటారు నష్టాలన్నీ కలిపి గంటకు దాదాపు 3 యూనిట్లు లాగుతుంది. ఆరు యూనిట్లు, యూనిట్ రూ. 8 అనుకుంటే రూ. 48. అవే నీళ్ళు ట్యాంకర్‌తో తోలిస్తే, ట్యాంకర్ రూ. 700 చొప్పున రూ. 1,400. దాదాపు ముప్పై రెట్లు.

ఇప్పుడు మోటారు కాలిపోయిందనుకోండి. పైకి తీయడం, వైండింగ్, మళ్ళీ దించడం అంతా కలిపి రూ. 12,000 అనుకుందాం. ఏఈ అంచనా రాసి, డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) సంతకం పెట్టి, కమిషనర్ మంజూరు చేసి, కొటేషన్లు పిలిచేసరికి పది రోజులు గడుస్తాయి. ఈ పది రోజులూ ట్యాంకర్ తోలిస్తే రూ. 14,000. మరమ్మతు ఖర్చు కంటే ఎదురుచూసిన ఖర్చే ఎక్కువ! ట్యాంకర్ తోలించకపోతే మొక్కలు పోతాయి, ఆ నష్టం ఇంకా పెద్దది. చిన్న డబ్బు చేతికి దగ్గరగా ఉండాలనడం ఇందుకే.

మన పార్కులో బోరు 60 రోజులు ఎండిపోతుందని అనుకుంటే రోజుకు రెండు చొప్పున 120 ట్యాంకర్లు, రూ. 84,000. వానలు పడే 65 రోజులు మోటారు అక్కర్లేదు. మిగతా 240 రోజులకు 1,440 యూనిట్లు. దీపాలు ఒక్కోటి 40 వాట్లు, 20 దీపాలు, రోజుకు 7 గంటలు అంటే 5.6 యూనిట్లు, ఏడాదికి 2,044. మొత్తం 3,484 యూనిట్లు, సుమారు రూ. 28,000. ఫిక్స్‌డ్ చార్జీలు అదనం. పార్కు మీటరుకు ఏ కేటగిరీలో బిల్లు వేస్తున్నారో ఓసారి చూడండి. తప్పు కేటగిరీలో ఏళ్ళ తరబడి కడుతున్న మీటర్లు బయటపడుతుంటాయి.

నీళ్ళు చాలనప్పుడు ఎవరికి ముందు పోయాలన్నది కూడా ముందే రాసిపెట్టుకోండి. నా వరుస ఇది: రెండు మూడేళ్ళ లేత చెట్లు, తర్వాత పొదలు, ఆఖరున లాన్. గరిక జాతి గడ్డి ఎండినట్టు కనిపించినా తొలకరికి మళ్ళీ లేస్తుంది. ఎండిపోయిన లేత చెట్టు లేవదు. గేటు దగ్గర లాన్ పచ్చగా ఉండాలని, చూసేవాళ్ళకు ముందు కనబడేది అదేనని, చెట్ల నీళ్ళు గడ్డికి పోస్తారు. అది అలంకరణ. లాన్ విస్తీర్ణాన్ని సగానికి తగ్గించి నీడ చెట్లు పెంచితే మూడు నాలుగేళ్ళలో నీళ్ళ ఖర్చే తగ్గుతుంది.

6. మరమ్మతులు: ధరను ఆయుష్షుతో భాగించండి

‘మరమ్మతులు – ఒక లక్ష’ అని గుండుగుత్తగా రాస్తే కమిటీలో ఎవరో ఒకరు దాన్ని యాభై వేలు చేస్తారు. అడ్డు చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ప్రతి వస్తువుకూ ఆయుష్షు వేసి చూపిస్తే కోసేవాళ్ళు ఏది కోస్తున్నారో చెప్పాల్సి వస్తుంది.

20 దీపాలు, ఆయుష్షు ఐదేళ్ళు అనుకుంటే ఏడాదికి నాలుగు మార్చాలి. ఒక్కోటి రూ. 2,500 చొప్పున 10,000. ట్రాక్‌లో ఏడాదికి ఐదు శాతం, అంటే 20 చ.మీ. తీసి మళ్ళీ పరవడానికి చ.మీ.కు రూ. 900 చొప్పున 18,000. చెట్టు వేరు లేపిన చోట అదే కొలతకు మళ్ళీ బ్లాకులు పేరిస్తే ఆరు నెలలకు మళ్ళీ లేస్తుంది. అక్కడ ట్రాక్‌నే అడుగున్నర పక్కకు జరపడం చౌక. గ్రిల్ పెయింటుకు మూడేళ్ళకోసారి 90,000 అయితే ఏడాదికి 30,000. మోటారుకు 12,000. ఓపెన్ జిమ్‌లో ఎనిమిది పరికరాలకు బేరింగు, వెల్డింగ్ కలిపి ఒక్కోదానికి 1,500 చొప్పున 12,000. ఉయ్యాలలు, జారుడుబల్లకు 4,000. బెంచీలు రెండు, 6,000. పైపులు, కుళాయిలు, హోస్ కలిపి 10,000. మరుగుదొడ్లకు 15,000. అన్నీ కలిపితే రూ. 1,17,000.

ఓపెన్ జిమ్ గురించి ఒక మాట. వేసేటప్పుడే సప్లయర్‌తో మూడేళ్ళ మరమ్మతు ఒప్పందం రాయించుకోండి. బేరింగు సైజు ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, తర్వాత బజారులో దొరకదు. బేరింగు లేక తాళ్ళతో కట్టిపడేసిన సైకిళ్ళు ఎన్ని పార్కుల్లో లేవు!

7. మొత్తం ఎంతయింది?

- మనుషులు (మూడున్నర మంది): 7,32,000
- మరమ్మతులు: 1,17,000
- ట్యాంకర్లు: 84,000
- చివికిన పశువుల ఎరువు, ఎర్రమట్టి, ఖాళీల్లో నాటే మొక్కలు, పనిముట్లు, కోత యంత్రం పెట్రోలు, ఫినాయిలు, బ్లీచింగ్: 60,000
- గాలివాన, అనుకోని ఖర్చులు: 50,000
- కరెంటు: 28,000

మొత్తం రూ. 10,71,000. గజానికి ఏడాదికి సుమారు రూ. 221. మీ రేట్లు వేసుకుంటే అంకె మారుతుంది, అది సమస్య కాదు. ఈ ‘గజానికి ఇంత’ అన్నది మీ ఊళ్ళో పార్కులన్నిటికీ లెక్కేసి పక్కపక్కన పెట్టండి. ఒక పార్కుకు గజానికి 90, ఇంకోదానికి 400 వస్తే అక్కడ ప్రశ్న అడగాల్సిన పని ఉంది. కొన్నిసార్లు జవాబు న్యాయమైనదే ఉంటుంది. చిన్న పార్కుకైనా ఒక మనిషి కావాలి కాబట్టి దాని గజం ఖర్చు ఎక్కువే వస్తుంది.

8. ఏ పద్దులో పెట్టాలి?

నిర్వహణ అనేది రెవెన్యూ (రోజువారీ) ఖర్చు. కొత్త ట్రాక్, కొత్త ఆటవస్తువులు కేపిటల్ (ఆస్తి సమకూర్చే) ఖర్చు. 2004 నాటి జాతీయ మునిసిపల్ అకౌంట్స్ మాన్యువల్ ప్రకారం ఆపరేషన్స్, మెయింటెనెన్స్ ఖర్చులు 230 పద్దు కిందికి వస్తాయి. సొంత సిబ్బంది జీతాలు 210 కింద ఉంటాయి. సొంత మాలి జీతం ఒక చోట, ఔట్‌సోర్సింగ్ మాలి బిల్లు ఇంకో చోట, కరెంటు మూడో చోట పడటం వల్ల పార్కుకు నిజంగా ఎంతవుతుందో ఎవరికీ తెలియదు. పద్దులు మార్చక్కర్లేదు. పార్కువారీగా ఒక అనుబంధ పట్టిక తయారు చేసి బడ్జెట్ కాగితాలకు జత చేస్తే సరిపోతుంది.

తెలంగాణలో 2019 మునిసిపల్ చట్టం పచ్చదనానికి బడ్జెట్‌లో పది శాతం పెట్టమంటోంది. 2018 పంచాయతీరాజ్ చట్టం కింద గ్రామాలకూ ఇలాంటి హరిత కేటాయింపు ఉంది, పల్లె ప్రకృతి వనాలు (ఊరి పార్కులు) ఉన్న ఊళ్ళకు ఇది అవసరం. ఈ డబ్బులో ఎక్కువ భాగం నర్సరీకి, నాటడానికి పోతుంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని చట్టమే అంటున్నప్పుడు, నీళ్ళు పోసే మనిషి జీతం, ట్యాంకర్ కూడా హరిత ఖర్చే. ప్రతిపాదనలో ఆ మాట రాసి అడగండి.

పథకాల సొమ్ము మీద ఆశ పెట్టుకోకండి. 2015లో మొదలైన అమృత్ (కేంద్ర పట్టణ సదుపాయాల) పథకం కేటాయింపుల్లో 2.5 శాతం దాకా పార్కులకు ఇచ్చింది, అయితే నిర్వహణను ప్రజల భాగస్వామ్యంతో చూసుకోమంది. 2025–26 దాకా అమలైన 15వ ఆర్థిక సంఘం షరతుల్లేని గ్రాంటును కూడా జీతాలకు, ఎస్టాబ్లిష్‌మెంట్‌కు వాడనివ్వలేదు. సీఎస్‌ఆర్ కింద కంపెనీ ముందుకొస్తే సంతోషమే. అయితే కొనసాగే ప్రాజెక్టు అంటే మొదలైన ఏడాది కాక మరో మూడేళ్ళే లెక్క. ఒప్పందం అయిపోయిన మర్నాటి నుంచి మాలి జీతం ఎవరిస్తారో ముందే రాసుకోవాలి.

9. టెండరు, జీఎస్టీ, ఇంప్రెస్ట్

మొత్తం పార్కును ఒకే కాంట్రాక్టుగా ఇవ్వడం అలవాటు. నేనైతే మూడుగా విడదీస్తాను.

మొదటిది, మనుషులతో జరిగే రోజువారీ పని. మునిసిపాలిటీకి రాజ్యాంగం 243డబ్ల్యూ అధికరణ కింద అప్పగించిన విధులకు సంబంధించి అందించే కేవల సేవల (సామాన్లు లేని సేవల) మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. సామాన్ల విలువ మొత్తంలో 25 శాతం దాటని మిశ్రమ కాంట్రాక్టుకూ ఇది వర్తిస్తుంది. పార్కులు 12వ షెడ్యూలులో ఉన్నాయి కదా, ఆ ప్రయోజనం ఇక్కడ అందుతుంది. అదే ట్రాక్ పని, గోడ పని కలిపి ఒకే వర్క్స్ (నిర్మాణ పనుల) కాంట్రాక్టు చేస్తే మొత్తం మీద 18 శాతం పడే అవకాశం ఉంది. మన పార్కులో మనుషుల ఖర్చు 7,32,000 మీద 18 శాతమంటే రూ. 1,31,760, ఏడాది మరమ్మతుల మొత్తం కంటే ఎక్కువ. టెండరు కాగితం రాసేముందు అకౌంట్స్ సెక్షన్‌తో కూర్చుని ఈ విభజన ఖాయం చేసుకోండి.

రెండోది, మరమ్మతులకు రేట్ కాంట్రాక్టు. ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) రేట్ల మీద ఎంత శాతం ఎక్కువ, ఎంత శాతం తక్కువ అని గుంపు పార్కులన్నిటికీ ఏడాది మొదట్లోనే ఒక్కసారి టెండరు పిలిచి ఉంచాలి. పని పడినప్పుడు పిలిపించి, ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) కొలత రాసి చెల్లించడమే. ఇది లేనిచోట ఏం చేస్తారంటే, నామినేషన్ (టెండరు లేకుండా నేరుగా ఇచ్చే) పరిమితి దాటకుండా పనిని ముక్కలు చేసి ఇస్తారు. ఆడిట్ వాళ్ళు మొదట పట్టుకునేది దాన్నే.

మూడోది ఇంప్రెస్ట్, అంటే చిన్న ఖర్చులకు ముందే చేతికిచ్చి ఉంచే డబ్బు. పది పార్కుల గుంపుకు బాధ్యత ఉన్న అధికారి దగ్గర రూ. 20,000 తిరుగు నిధి, ఒక్కో ఖర్చుకు రూ. 2,000 హద్దు, బిల్లులు ఇవ్వగానే మళ్ళీ నింపడం. కొక్కెం, కుళాయి, ఫ్యూజు, తాళం, గేటు బందు, ఇలాంటివి ఇందులోంచి 48 గంటల్లో అయిపోవాలి. మోటారు రేట్ కాంట్రాక్టులో పోతుంది. దుర్వినియోగం అవుతుందని భయపడేవాళ్ళుంటారు. నెలకు ఇరవై వేలకు బిల్లులు, మార్చిన వస్తువు ఫోటోలు, పాత వస్తువు స్టోర్లో అప్పగించిన రసీదు చూస్తే సరిపోతుంది. పాత కొక్కెం తిరిగి ఇవ్వాలన్న నియమం ఒక్కటే సగం దొంగబిల్లుల్ని ఆపుతుంది.

10. కోత పెడితే ఏది వదలాలి?

అడిగినంత ఎప్పుడూ రాదు. పది లక్షలడిగితే ఎనిమిది ఇస్తారు. కోతను అన్ని పద్దుల మీదా సమంగా పంచడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. ముందు వదలాల్సినవి: సీజన్ పూలమొక్కలు, ఏనుగు, నెమలి ఆకారాల్లో కత్తిరించే పొదలు, రంగురంగుల దీపాలు, ఈ ఏడాది పెయింటు. తర్వాత లాన్ విస్తీర్ణం. ముట్టుకోకూడనివి: ఆటవస్తువుల భద్రత, కరెంటు ఎర్తింగ్, లేత చెట్ల నీళ్ళు, మరుగుదొడ్డి శుభ్రత. ఆటవస్తువు బాగుచేయడానికి డబ్బు లేకపోతే దాన్ని విప్పి స్టోర్లో పెట్టండి. విరిగిన ఉయ్యాలకు ‘వాడరాదు’ అని బోర్డు తగిలిస్తే చదవగలిగేది తల్లిదండ్రులే, ఎక్కేది పిల్లలు.

టికెట్ పెట్టి ఆ లోటు పూడుద్దామనే ఆలోచన ప్రతి సమావేశంలోనూ వస్తుంది. లెక్క చూడండి. టికెట్ ఇచ్చే మనిషి ఖర్చు నెలకు 17,440. టికెట్ ఐదు రూపాయలైతే అతని జీతానికే రోజుకు 116 మంది రావాలి. పెద్ద పార్కులకు, బోటింగ్ ఉన్నచోట్లకు ఇది పనికొస్తుంది. కాలనీ పార్కులో పేదింటి పిల్లలను గేటు బయట నిలబెట్టడం తప్ప దీనితో వచ్చేదేమీ లేదు. గేటు పక్క టీ కొట్టు అద్దె, సినిమా, పెళ్ళి ఫోటోషూట్ల రుసుము దానికంటే మేలు, ఆ డబ్బు పార్కు పద్దుకే తిరిగొస్తుందని తీర్మానం ఉంటే.

11. నెలవారీగా పంచి, సెప్టెంబర్‌లో సరిచూడండి

మొత్తాన్ని పన్నెండుతో భాగిస్తే వేసవిలో ఎండిపోతారు. ట్యాంకర్ల డబ్బంతా ఏప్రిల్, మే నెలల్లోనే కావాలి. కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యేదీ అప్పుడే, మంజూర్లు కదలడానికి టైం పట్టేదీ అప్పుడే. కాబట్టి ట్యాంకర్ టెండరు ఫిబ్రవరిలోనే అయిపోవాలి. జూన్, జూలైలో మొక్కలు, ఎరువు. వానలు తగ్గాక ట్రాక్, సివిల్ పనులు. పెయింటు జనవరి, ఫిబ్రవరిలో. మార్చి ఆఖరి వారంలో నిధులు మురిగిపోతాయని హడావిడిగా వేసే బెంచీలను మే నెలకల్లా గుర్తుపట్టవచ్చు, ఒక కాలు ఊగుతూ ఉంటుంది.

కాంట్రాక్టర్‌కు బిల్లు ఆలస్యమైతే అతను మొదట తగ్గించేది మనుషులనే. రెండు నెలల బిల్లు ఆగినా జీతాలివ్వగలిగే ఏజెన్సీయేనా అని టెండరు దశలోనే చూడండి. చెల్లింపును హాజరుతో పాటు పనితోనూ కట్టేయండి. నెలాఖరున ఏఈ, కాలనీ సంఘం ప్రతినిధి కలిసి పార్కు చుట్టూ నడిచి, ఇరవై అంశాల కాగితం మీద టిక్కులు పెట్టాలి. వెలగని దీపానికి, కడగని మరుగుదొడ్డికి ఎంత కోత అన్నది ఒప్పందంలోనే ఉండాలి.

సెప్టెంబర్‌లో ఆరు నెలల ఖర్చును పద్దులవారీగా తీసి, ఏ వస్తువు ఎన్నిసార్లు పాడైందో చూడండి. ఒకే కుళాయికి నాలుగుసార్లు బిల్లు ఉంటే కుళాయి మార్చడం ఆపి, పైపులో ఒత్తిడి ఎంతుందో చూడాలి. ఆ పట్టికతోనే అక్టోబర్‌లో సవరించిన అంచనాలు, వచ్చే ఏడాది ప్రతిపాదన రెండూ పంపండి.

కాలనీ సంఘంగా మీరు బయట ఉండి ఈ లెక్క చూడాలనుకుంటే, 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. ‘పార్కుకు ఎంత ఖర్చు పెట్టారు’ అని అడిగితే ఒక అంకె ఇచ్చి పంపేస్తారు. నిర్వహణ ఒప్పందం ప్రతి, గత ఆరు నెలల హాజరు పట్టీలు, పీఎఫ్ చలాన్లు, ఎం-బుక్ పేజీలు, కరెంటు సర్వీసు నంబరు, దాని కేటగిరీ, ట్యాంకర్ ట్రిప్పుల రిజిస్టర్ అని విడివిడిగా అడగండి.